క్లాంగు రేవులో ఆగిన బందరు పెట్టెలు

మా ఆఫీసు తెర మీద బందరు ఒక చిన్న నీలం చుక్క. ఏడేళ్ళుగా ఆ చుక్కను చూస్తున్నాను గానీ ఊరిని ఎప్పుడూ చూడలేదు.

నేను చెన్నైలో, ఎగుమతి సరుకు కాగితాలు సరిచూసే ఒక చిన్న సంస్థలో పనిచేస్తాను. సరుకు తయారుచేసేవాళ్ళు, లారీలవాళ్ళు, ఓడ కంపెనీలు, ఇక్కడి కస్టమ్స్, అక్కడి కస్టమ్స్ అందరూ ఇప్పుడు ఒకే నెట్‌వర్కులో ఉంటారు. బందరులో ఒకరు తన ఫోన్లో సరుకు వివరం రాస్తే అది నా ముందుకు వస్తుంది. నేను సరిచూసి 'అప్రూవ్' నొక్కితే అదే వివరం లారీకీ, ఓడకీ, అవతలి దేశపు రేవుకీ ఒక్కసారే వెళ్ళిపోతుంది. ఒకప్పుడు వారం పట్టిన కాగితాల పని ఇప్పుడు టీ చల్లారేలోపు అయిపోతోంది. తప్పు కూడా అంతే వేగంగా వెళ్తుందని నాకు కిందటేడు దసరా ముందు తెలిసింది.

బందరు గిల్టు నగలు ఆరు పెట్టెలు మలేషియాలోని క్లాంగు రేవులో ఆగిపోయాయి. కాగితాల్లో అవి బంగారు నగలుగా నమోదయ్యాయి. వెల చూస్తే గిల్టు వెల. ఎక్కడో మోసం ఉందనుకుని అక్కడివాళ్ళు పక్కన పెట్టేశారు. అవి బంగారం కాదని పరీక్ష కాగితం కావాలి, నగ ఎక్కడెక్కడ తయారైందో వీడియోలు కావాలి, మా సంస్థ మనిషి స్వయంగా చూసి సంతకం పెట్టాలి అన్నారు. అక్కడ కొన్నాయన దీపావళికి అమ్ముకోవాలని తెప్పించుకుంటున్న సరుకు అది. పండగ దాటితే ఆయనకు అక్కర్లేదు.

"నువ్వు తెలుగుదానివి కదా, వెళ్ళు" అన్నాడు మా మేనేజరు. గుమ్మం దాటబోతుంటే, "తప్పు ఎవరిదన్న మాట మాత్రం ఎత్తకు సునందా" అన్నాడు.

తప్పు ఎవరిదో అప్పటికే నాకు తెలుసు. ముందు రోజు ఆ పెట్టెల చరిత్ర తెరిచి చూశాను. 'అప్రూవ్' పక్కన నా పేరే ఉంది.

గుడివాడ

విజయవాడలో దిగి, పొద్దున్నే బందరు పాసింజరు ఎక్కాను. మాది అనంతపురం జిల్లా కల్యాణదుర్గం. మా వైపు రైలు కిటికీలోంచి చూస్తే ఎర్రనేల, వేరుశనగ, మధ్యలో బండరాళ్ళు. ఇక్కడ కంటికి ఆనినంత మేరా వరి. ప్రతి పది నిమిషాలకూ ఒక కాలువ. నీళ్ళు ఇంత ఊరికే పడి ఉండడం చూస్తే మా అమ్మకు కోపం వస్తుందేమో అనిపించింది.

ఎదుటి సీటులో చేపల బుట్టతో ఒక పెద్దావిడ కూర్చుంది. "ఎందాకా వెళ్తున్నావమ్మా?" అని అడిగింది. గుడివాడలో దిగుతానన్నాను. "ఎవరింటికి?" ఎవరింటికీ కాదు, పని మీద అన్నాను. గుడివాడలో ఎవరూ లేకుండా గుడివాడ వెళ్ళేవాళ్ళు ఉంటారని ఆవిడ నమ్మలేదు. దిగేదాకా నా చుట్టాల కోసం వెతుకుతూనే ఉంది.

గుడివాడలో దిగింది కోటేశ్వరరావు గారి కోసం. బందరులో పెట్టెలు ఎత్తుకుని గుడివాడ గోడౌనుకు చేర్చే చిన్న ట్రక్కు ఆయనది. స్టేషను ఎదురుగా ఒక టిఫిన్ హోటల్లో కలిశాం. యాభై దాటిన మనిషి, చొక్కా జేబులో రెండు ఫోన్లు. నన్ను అడక్కుండానే రెండు ఉప్మా పెసరట్లు చెప్పాడు. ప్లేటు అరవై రూపాయలు. పెసరట్టు మడతలో ఉప్మా పెట్టి ఇవ్వడం నాకు కొత్త. మా ఊళ్ళో ఎవరైనా అలా పెడితే, పొరపాటున రెండు ఆర్డర్లు కలిసిపోయాయనుకుంటాం. తింటే మాత్రం ఇంకోటి చెప్పాలనిపించింది. చెప్పాను కూడా.

పెట్టెలు మూసే ముందు తీసిన ఫోటోలు ఆయన ఫోన్లో ఉన్నాయి. రాగి గొలుసులు, ఇత్తడి బిళ్ళలు, లోపల చీటీలు, అన్నీ కనిపిస్తున్నాయి. అవి పంపించుకున్నాక, ఎన్నాళ్ళుగానో మా ఆఫీసును వేధిస్తున్న ఒక సందేహం అడిగాను. "కోటేశ్వరరావు గారూ, పదిహేను రోజులకోసారి మీ ట్రక్కు చుక్క మా తెర మీద నీళ్ళలోకి వెళ్ళిపోతుంది. అక్కడ రోడ్డు లేదు, వంతెన లేదు. మీ ఫోన్లో ఏదో లోపమని మేం రాసుకున్నాం."

ఆయన పెద్దగా నవ్వాడు. "లోపం లేదు మేడం. నేనూ, బండీ ఇద్దరం నీళ్ళ మీదే ఉంటాం. ఏటిమొగ దగ్గర పంటు ఎక్కి ఎదురుమొండి లంకకు వెళ్తాం. గొలుసులు అల్లేది అక్కడి ఆడవాళ్ళే గదండీ. ఎల్లుండి మళ్ళీ వెళ్తున్నా. వస్తానంటే రండి."

నా పనికి అది తప్పకుండా చూడాల్సిన చోటే. వస్తానన్నాను.

టీ తాగుతూ ఆయన అన్నాడు: "పాపం ఆ కౌసరమ్మనే అందరూ ఆడిపోసుకుంటున్నారండి. ఫోన్లో వివరం రాసింది ఆ పిల్లే కదా. ఏజెంటుతో పని లేదు, మనమే నేరుగా పంపుకుందామని అందర్నీ ఒప్పించిందీ ఆ పిల్లే. ఇప్పుడు ఎవరికీ మొహం చూపించుకోలేకపోతోంది."

నేను గ్లాసులోకి చూస్తూ టీ తాగాను.

బందరు

మచిలీపట్నం అన్న పేరు బోర్డుల మీద, మా తెర మీద ఉంటుంది. మనుషుల నోట మాత్రం బందరే. కోటేశ్వరరావు గారు పామర్రు మీదుగా ట్రక్కులో తీసుకొచ్చి మీరాబీ గారి ఇంటి ముందు దింపాడు.

మీరాబీ గారికి అరవై ఉంటాయి. భర్త పోయాక ఆయన నడిపిన గిల్టు పనిని తానే నిలబెట్టుకుంది. ముందు గదిలో ఆరుగురు పనిచేస్తున్నారు. ఒకాయన అచ్చు మీద రాగి రేకు పెట్టి దెబ్బ కొడితే నెమలి పడుతోంది. ఇంకొకావిడ సన్నటి మంటతో ఆ నెమలికి కొక్కెం అతుకుతోంది. వెనక గదిలో పూత పూసే తొట్టెలున్నాయి. ఎర్రగా వెళ్ళిన నెమలి, తీగకు వేలాడుతూ పచ్చగా బయటికొచ్చింది. నేను నోరు తెరుచుకు చూస్తుంటే, మీరాబీ గారు దాన్ని నా అరచేతిలో పెట్టి, "ఎంత బరువుందో చూడమ్మా" అంది. బరువే లేదు. తెర మీద దాన్ని నేను బంగారమని పంపించాను.

"మా దానికి గోల్డు అన్న పేరెందుకు పెట్టారో మా అత్తగారి కాలం నుంచీ ఎవరికీ తెలీదు" అందావిడ. "రోల్డు గోల్డు అంటాం. గిల్టు అంటే కొనరు, గోల్డు అంటే కొంటారు. మన ఊళ్ళో అందరికీ తెలిసిన మాటే గదా అనుకున్నాం. ఆ దేశం వాళ్ళకి తెలీదని మాకేం తెలుసు?"

కౌసర్ ఆవిడ చెల్లెలి కూతురు. ఇరవై నాలుగేళ్ళు. డిగ్రీ చదివింది. నేను వెళ్ళినప్పుడు ఒక మూల కూర్చుని నగలకు చీటీలు కడుతోంది. వీధిలో ఉన్న పన్నెండు చిన్న కార్ఖానాల వాళ్ళను కూర్చోబెట్టి, నెట్‌వర్కులో చేర్పించి, క్లాంగులో కొనేవాణ్ణి వెతికింది తనే. నన్ను చూడగానే లేచి, "అక్కా, విడిపిస్తారా?" అని అడిగింది. ఆ ఒక్క మాట అని మళ్ళీ చీటీల మీదకు వంగింది.

మర్నాడు మధ్యాహ్నం నగల పరీక్ష కేంద్రంలో కాగితం తీసుకున్నాం. రాగి ఇంత, ఇత్తడి ఇంత, పైన పూత లెక్కలోకి రానంత. తిరిగొచ్చేసరికి మీరాబీ గారు రొయ్యల బిర్యానీ వండించింది. మా వైపు అతిథి వస్తే బొరుగులు, చెనిక్కాయల ఉండలు పెట్టి, ఆ తర్వాత అన్నం సంగతి చూస్తారు. ఇక్కడ 'చాలండీ' అన్న మాటకు అర్థం 'ఇంకో గరిటె' అని. నాలుగోసారికి ఆ మాట అనడం మానేసి చెయ్యి అడ్డం పెట్టాను. చేతి పక్కనుంచి వడ్డించారు.

తర్వాత బందరు హల్వా వచ్చింది. పళ్ళకు అంటకుండా జారిపోయే నల్లటి హల్వా. అప్పుడే వెంకటాచలం గారు లోపలికి వచ్చారు. ఎదురింటి కార్ఖానా ఆయనది. డెబ్బై ఏళ్ళ మనిషి. ఆరు పెట్టెల్లో ఒకటి ఆయన సరుకు.

"మీరాబీ గారూ, నేను పాత ఏజెంటుతోనే మాట్లాడుకున్నానండి" అన్నారు నిలబడే. "ఆయన తక్కువిచ్చినా మనిషి కనిపిస్తాడు. ఈ ఫోన్లో ఎవరున్నారు? ఎవణ్ణడగాలి?"

మీరాబీ గారి ముఖం మాడిపోయింది. ఆయన్ని ఏమీ అనలేక కౌసర్ మీదికి తిరిగింది. "విన్నావా? నలభై ఏళ్ళు ఇరుగూ పొరుగూ మనం. నీ ఒక్క వేలి నొక్కుడికి వీధి వీధంతా విడిపోతోంది. చదువుకున్నానన్నావు, అన్నీ తెలుసన్నావు. బంగారమో గిల్టో రాయడం తెలీలేదా?"

పని గదిలో దెబ్బల చప్పుడు ఆగింది. కౌసర్ ఇంకో చీటీ కట్టింది. నా నోట్లో హల్వా ఉంది. మింగి చెప్పాల్సిన మాట చెప్పొచ్చు. మేనేజరు మాట గుర్తొచ్చింది. మా నాన్న మందులు, నా ఉద్యోగం గుర్తొచ్చాయి. హల్వా మింగాను. మాట కూడా మింగాను.

దివిసీమ

మర్నాడు పొద్దున్నే కోటేశ్వరరావు గారి ట్రక్కులో ముగ్గురం బయల్దేరాం. కిటికీ వైపు కౌసర్, మధ్యలో నేను. పులిగడ్డ దగ్గర ట్రక్కు ఆపించి దిగాను. కింద కృష్ణ పాయ పారుతోంది, దాని మీదుగా కట్టిన తొట్టిలో పంట కాలువ పారుతోంది. నీళ్ళ మీద నుంచి నీళ్ళు వెళ్ళడం! మా ఊళ్ళో బిందె నీళ్ళు బిందెలోకి వంచేటప్పుడు ఒక చుక్క కింద పడితే తిడతారు. ఎంతసేపు నిలబడ్డానో గానీ, కోటేశ్వరరావు గారు హారను కొట్టాడు. "మీరు కాలువ చూట్టానికి వచ్చారా, గొలుసులు చూట్టానికి వచ్చారా అండీ?"

నాగాయలంక దాటి ఏటిమొగ రేవుకు చేరాం. పంటు అంటే రెండు పడవలను జత చేసి పైన చెక్కలు పరిచినది. మా ట్రక్కు, ఒక ట్రాక్టరు, ఏడెనిమిది మోటారు సైకిళ్ళు, మేకలు, పెళ్ళికి వెళ్తున్న ఒక కుటుంబం అంతా ఎక్కేశాం. ఫోన్ తీసి చూసుకుంటే, మా నెట్‌వర్కులో మా చుక్క మెల్లగా నీలం రంగులోకి దిగుతోంది. ఆ నిమిషంలో చెన్నైలో ఎవరో దాన్ని చూసి 'లోపం' అని రాస్తూ ఉండి ఉంటారు.

అవతల దిగేటప్పుడు నా కుడి కాలు మోకాలి దాకా బురదలో దిగిపోయింది. కాలు వచ్చింది, చెప్పు రాలేదు. కోటేశ్వరరావు గారు కర్రతో వెతికినా దొరకలేదు. ఒంటి చెప్పుతో నేను గెంతుతుంటే, రెండు రోజుల్లో మొదటిసారి కౌసర్ నవ్వింది. "అక్కా, రెండోది కూడా ఇచ్చెయ్యండి. అదొక్కటీ ఏం చేసుకుంటారు?" తన చెప్పులు కూడా విప్పి ట్రక్కులో పడేసి, నాతోపాటు వట్టి కాళ్ళతో నడిచింది.

లంకలో నాగమల్లేశ్వరి అనే ఆవిడ ఇంటి వసారాలో తొమ్మిదిమంది ఆడవాళ్ళు కూర్చుని గొలుసులు అల్లుతున్నారు. ఆవిడ భర్త వేటకు వెళ్తాడు. వలలు అల్లిన చేతులకి గొలుసు అల్లడం ఒక లెక్క కాదందావిడ. రాగి తీగను చువ్వకు చుట్టి, కత్తిరించి, ఆ రింగుల్ని ఒకదాంట్లో ఒకటి దూర్చి నొక్కుతున్నారు. చూపు వేరే చోట, మాట వేరే చోట, వేళ్ళ పని వేళ్ళదే. వీడియో తీస్తుంటే ఒకామె కొంగు సర్దుకుని, "ఇది ఎవరు చూస్తారండీ?" అని అడిగింది. మలేషియాలో కస్టమ్స్ ఆఫీసర్లు చూస్తారన్నాను. అందరూ పని ఆపి, జుట్టు సవరించుకుని మళ్ళీ మొదలుపెట్టారు.

ఫోన్లో పటం తెరిచి క్లాంగు రేవు చూపించాను. నాగమల్లేశ్వరి తన వేలితో లంక నుంచి అక్కడిదాకా సముద్రం మీద గీత గీసింది. "మా ఆయన వెళ్ళే సముద్రమే గదా ఇది" అంది. "ఆ కాగితాల్లో మా పేరుంటదా?" అని అడిగింది.

"తయారుచేసిన చోటు మీరాబీ గారి కార్ఖానా అని ఉంటుంది."

"అంతేలెండి" అంది, మళ్ళీ రింగు ఎత్తుకుంటూ.

పీతల పులుసుతో అన్నం పెట్టారు. పీత డొప్ప కొరకడం నాకు చేతకాలేదు. పక్కనున్నామె నా కంచంలోంచి తీసి, తన పళ్ళతో కొరికి, మళ్ళీ నా కంచంలో పెట్టింది. మొహమాటపడ్డాను. తిన్నాను. ఇప్పటికీ ఆ రుచి నాలుక మీదుంది.

తిరుగు పంటులో జనం తక్కువ. కోటేశ్వరరావు గారు ట్రక్కులో కునుకు తీస్తున్నాడు. కౌసర్ అంచున కూర్చుని నీళ్ళు చూస్తోంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"కౌసర్, నువ్వు రాసింది 'రోల్డు గోల్డు నెక్లెసులు' అని. అందులో గోల్డు అన్న మాట చూసి, బంగారు నగల కోడును కంప్యూటరు తనే ఎంచింది. అది సరిచూడాల్సింది నేను. ఆ రోజు తొంభై దాకా వచ్చాయి. చదవకుండా నొక్కేశాను. తప్పు నాది."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"బయల్దేరక ముందే."

"నిన్న మా ఖాలా అందరి ముందూ నన్నన్నప్పుడు, తెలిసే కూర్చున్నారా?"

"తెలిసే."

"హల్వా తింటున్నారు" అంది. గొంతు పెంచలేదు. "తప్పు నేను చెయ్యలేదని నాకు ముందే తెలుసు మేడం. ఎన్నిసార్లు చదువుకున్నానో ఆ వివరం. నాకెందుకు చెప్తున్నారు? చెప్పాల్సింది మా వీధిలో."

అక్కా అన్నది మేడం అయింది.

మళ్ళీ బందరు

నాలుగో రోజు పొద్దున్న మీరాబీ గారి ముందు గదిలో పన్నెండు కార్ఖానాల వాళ్ళూ కూర్చున్నారు. పెట్టెల సంగతి చెబుతానంటే వచ్చారు. పరీక్ష కాగితం, వీడియోలు, నా సంతకం రాత్రే పంపించానని చెప్పాను. తర్వాత నిలబడ్డాను. కాళ్ళకు ముందురోజు అవనిగడ్డలో నూట ఇరవై పెట్టి కొన్న రబ్బరు చెప్పులున్నాయి. చూపు వాటి మీదే ఉంచి చెప్పాను. కౌసర్ రాసింది మీరందరూ రోజూ అనే మాటే. దాన్ని సరిదిద్దడానికే నాకు జీతమిస్తారు. నేను చదవలేదు. మొన్న ఆ పిల్లను అంటుంటే విని ఊరుకున్నాను.

మీరాబీ గారు ముందు కౌసర్‌ను చూసింది, తర్వాత నన్ను. "నీ ఉద్యోగం ఏమవుద్దమ్మా?" అని అడిగింది.

"తెలీదండి."

ఆవిడ లేచి వెళ్ళి కౌసర్ పక్కన కూర్చుంది. ఆ పిల్ల ఒళ్ళో ఉన్న చీటీల కట్ట తీసుకుని, తనూ కట్టడం మొదలుపెట్టింది. కాసేపటికి కౌసర్ వేళ్ళు ఆవిడ చేతికి దారం అందించాయి.

వెంకటాచలం గారు గొంతు సవరించుకున్నారు. నన్ను తిడతారనుకున్నాను.

"ఇరవై ఏళ్ళలో మా ఏజెంటు ఎన్ని పెట్టెలు పోగొట్టాడో" అన్నారు. "ఒక్కసారీ వచ్చి నావల్ల పోయిందని అనలేదు. ఓడ వాడంటాడు, వానంటాడు." జేబులోంచి ఫోన్ తీశారు. "మీ నంబరు చెప్పండి. ఆ నొక్కితే పాట వచ్చే నంబరు వద్దు. మీది చెప్పండి."

చెప్పాను. పన్నెండుమందీ రాసుకున్నారు. ఒకాయన పేరేమని పెట్టుకోవాలని అడిగితే, ఇంకొకాయన "పెట్టెల సునంద గారు అని పెట్టుకోవయ్యా" అన్నారు. ఆ రోజు వీధిలో మొదటిసారి నవ్వులు వినిపించాయి.

చెన్నై

వచ్చిన తొమ్మిదో రోజున క్లాంగులో పెట్టెలు విడుదలయ్యాయి. నాలుగు పెట్టెలు దీపావళికి అమ్ముడుపోయాయి, రెండు మిగిలాయి. కొన్నాయన తర్వాతి ఆర్డరు కాస్త చిన్నది చేశాడు, మానలేదు. ఆఫీసులో నాకు హెచ్చరిక ఉత్తరం ఇచ్చి, రెండు నెలలు అప్రూవ్ పని నుంచి తప్పించారు. ఖాళీగా ఉన్న ఆ రెండు నెలల్లో, గోల్డు అన్న మాట రాసినవాళ్ళను 'ఇందులో నిజంగా బంగారం ఉందా?' అని తెలుగులో అడిగే ఒక గడి పెట్టించమని పట్టుబట్టాను. పెట్టారు. తయారుచేసిన చోట్లు ఒకటికి మించి రాసుకునే వీలు కూడా అడిగాను. అదింకా రాలేదు.

కౌసర్ ఇప్పుడు పన్నెండు కార్ఖానాల కాగితాలూ తనే చూస్తోంది. నాకు సందేశాలు పెడుతుంది. అన్నీ మేడం అనే మొదలవుతాయి. మళ్ళీ అక్కా అనిపించుకోడానికి నేను తొందరపడడం లేదు.

కిందటి ఆదివారం మధ్యాహ్నం, పొయ్యి మీద అన్నం ఉండగా ఫోన్ మోగింది. వెంకటాచలం గారు. పెట్టె ఏదో మళ్ళీ ఆగిందనుకున్నాను.

"ఏం లేదమ్మా. మా పెట్టె ఓడెక్కిందట. కౌసర్ చెప్పింది. ఎక్కడా ఆగలేదు. ఆగినప్పుడే చెయ్యాలా ఏంటి, వెళ్ళినప్పుడు కూడా ఒక మాట చెబుదామని చేశా."

ఆ పెట్టె ఓడెక్కిన సంగతి పొద్దున్నే నా తెర మీద కనిపించింది. ఏ ఓడో, ఎన్ని గంటలకో కూడా నాకు తెలుసు. పొయ్యి తగ్గించి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"అవునా బాబాయ్ గారూ," అన్నాను. "ఎప్పుడెక్కిందటండీ?"